పదిహేను కిలోల్లో బేస్ రిగ్: ఐప్యాడ్ ఎఫెక్ట్స్‌కి తగిన తేలికపాటి యాంప్ (ప్రాజెక్టు డైరీ)

అనుకున్నది

నాలుగు తీగల ప్యాసివ్ (లోపల బ్యాటరీ లేని) బేస్ గిటార్. డ్రమ్స్, కీబోర్డు, ఇద్దరు గాయకులున్న బృందం. రెండు మూడొందల మంది పట్టే హాలు. గిటారు కాక మిగతా సామానంతా 15 కిలోలు దాటకూడదు. ఆటో దిగిన దగ్గర్నుంచి స్టేజీ దాకా ఒక్క మనిషి ఒక్క విడతలో మోసుకుపోవాలి. పెడళ్ళేవీ ఉండవు, టోన్ పనంతా ఐప్యాడ్ చూసుకుంటుంది. ఒక షరతు మాత్రం ముందే రాసి పెట్టుకున్నాం: పాట మధ్యలో ట్యాబ్లెట్ చచ్చిపోతే పది సెకన్లలో బేస్ మళ్ళీ మోగాలి. ఆ తర్వాత జరిగిన ఎంపికల్లో సగం ఈ షరతే నిర్ణయించింది.

1వ రోజు: బరువు ఎక్కడుంది

పాత కొలమానం ఒకటి. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల వాల్వ్ యాంప్. ఆ వంశపు వాల్వ్ హెడ్ (స్పీకరు లేని యాంప్ పెట్టె) సుమారు 36 కిలోలు, దాని కింద పెట్టే క్యాబ్ (స్పీకరు పెట్టె), అంటే పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్నది, 63 కిలోల పైమాట. రెండూ కలిపితే క్వింటాలు. ఆ క్యాబ్‌ని ఫ్రిజ్ అని పిలవడం ఊరికే రాలేదు.

హెడ్ బరువు సమస్య ఈపాటికే తీరిపోయింది. పాత యాంప్‌లో ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ కరెంటు మీద పనిచేయాలి, అందుకు పెద్ద ఇనుప కోర్ కావాలి. ఇప్పటి స్విచింగ్ పవర్ సప్లై అదే పనిని లక్ష హెర్ట్జ్ ప్రాంతంలో చేస్తుంది కాబట్టి కోర్ అగ్గిపెట్టెంతకి తగ్గింది. క్లాస్-డి (స్విచ్‌లా ఆన్, ఆఫ్ అవుతూ నడిచే) అవుట్‌పుట్ సామర్థ్యం 90 శాతం దగ్గర ఉంటుంది, వేడి తక్కువ, అల్యూమినియం హీట్‌సింక్ దిమ్మ అక్కర్లేదు. ట్రేస్ ఎలియట్ ఎల్ఫ్ లాంటిది 4 ఓమ్‌ల మీద 200 వాట్లు ఇస్తూ కిలో కూడా తూగదు.

కాబట్టి హెడ్‌లో అరకిలో తగ్గిందని మురిసిపోతే లాభం లేదు. మోసే బరువులో ముప్పావు వంతు స్పీకరు పెట్టెదే.

2వ రోజు: వాట్లు పక్కన పెట్టి, సెన్సిటివిటీ చూడటం

అంగడిలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఎన్ని వాట్లనే. 200 వాట్ల హెడ్ వదిలి 300 వాట్లది కొంటే పెరిగేది 1.8 డెసిబెల్స్ లోపే. చెవికి అది తేడా అని కూడా అనిపించదు. వాట్లు రెట్టింపు చేస్తే 3 డెసిబెల్స్. అదే 94 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాటుకి మీటరు దూరంలో వినిపించే శబ్దం) ఉన్న స్పీకరు బదులు 98 ఉన్నది తీసుకుంటే, వాట్లు రెండున్నర రెట్లు చేసినంత ఫలితం ఖర్చు లేకుండా వస్తుంది.

దీనికో హద్దుంది. చిన్న పెట్టె, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి. దీన్ని హాఫ్‌మన్ ఇనుప సూత్రం అంటారు. లంచ్ బాక్సంత క్యాబ్‌లో భూమి అదిరే బేస్ అని ఎవరైనా అమ్ముతుంటే, మూడోది (అంటే సెన్సిటివిటీ) పోయిందని అర్థం. అది ఇంట్లో బాగా మోగి డ్రమ్స్ పక్కన మాయమవుతుంది.

మేము వదులుకున్నది లోతు. బేస్ కింది ‘ఈ’ తీగ 41 హెర్ట్జ్ అయినా, చాలా బేస్ క్యాబ్‌ల నుంచి చెవికి బలంగా అందేది దాని రెండో హార్మోనిక్, 82 హెర్ట్జ్. ఆపైన ఉన్న హార్మోనిక్స్‌ని బట్టి మెదడు కింది నోటుని అల్లుకుంటుంది. 60 హెర్ట్జ్ దాకా గట్టిగా ఉండి, కిందికి మెల్లగా జారే క్యాబ్ స్టేజీకి చాలు. అడుగు బేస్ అవసరమైతే హాలు సబ్‌వూఫర్లున్నాయి.

3వ రోజు: రెండు దారులు

ఒకటి, లోపలే యాంప్ ఉన్న పీఏ (హాల్లో జనానికి వినిపించే) స్పీకరు, అంటే ఫుల్-రేంజ్ రకం. ఐప్యాడ్‌లో యాంప్ మోడల్, క్యాబ్ మోడల్ (వాటి శబ్దాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) రెండూ పెట్టుకుని నేరుగా దానికిచ్చేయొచ్చు. రెండోది, క్లాస్-డి హెడ్, నియోడిమియం అయస్కాంతం ఉన్న బేస్ క్యాబ్.

మొదటిది నిజంగా ఆకర్షణీయమైనదే. ఒకే పెట్టె, ఒకే పవర్ తాడు. కానీ పెట్టె మీద రాసే వేల వాట్లు క్షణకాలపు పీక్ లెక్క. పది అంగుళాల పీఏ స్పీకరులో గట్టిగా ‘ఈ’ తీగ కొట్టగానే లోపలి లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) పట్టేసుకుంటుంది, వాల్యూం పెంచుతుంటే బేస్ మాత్రం పెరగదు. పైగా ట్యాబ్లెట్ పోతే ప్యాసివ్ గిటారుని దాని లైన్ ఇన్‌పుట్‌కి పెట్టాల్సి వస్తుంది. ప్యాసివ్ పికప్‌కి ఎదురుగా 1 మెగా ఓమ్ దాకా ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) కావాలి. 10 కిలో ఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పైస్వరాలు మింగేసి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. హై-ఇంపీడెన్స్ స్విచ్ ఉన్నవి కొన్ని ఉన్నాయి, అవైతే పరవాలేదు.

పది సెకన్ల షరతు వల్ల రెండో దారి ఎంచుకున్నాం.

తుది ఎంపిక: 4 ఓమ్‌ల మీద 300 వాట్లిచ్చే క్లాస్-డి హెడ్, 1.2 కిలోలు. ఒకే 12 అంగుళాల నియోడిమియం స్పీకరున్న పోర్టెడ్ (గాలి రంధ్రమున్న) క్యాబ్, 8 ఓమ్‌లు, 10.8 కిలోలు. 8 ఓమ్‌ల మీద ఆ హెడ్ ఇచ్చేది 300లో సగం పైచిలుకే. సరిపోతుంది. పెద్ద మైదానం వస్తే అలాంటిదే ఇంకో 8 ఓమ్‌ల క్యాబ్ జతచేస్తే లోడ్ 4 ఓమ్‌లవుతుంది. హెడ్ పూర్తి వాట్లూ ఇస్తుంది, కదిలే కోను వైశాల్యం రెట్టింపవుతుంది, మొత్తం లాభం 6 డెసిబెల్స్ దగ్గరికి వస్తుంది. మొదటే 4 ఓమ్‌ల క్యాబ్ ఒకటి కొనేస్తే ఈ దారి మూసుకుపోతుంది: రెండోది కలిపితే 2 ఓమ్‌లు, ఈ తరహా హెడ్‌లలో చాలావాటికి కనీస లోడ్ 4.

హెడ్‌కీ క్యాబ్‌కీ మధ్య స్పీకాన్ తాడు, మీటరున్నర, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి. గిటారు జాక్ తాడు ఇక్కడ వాడకూడదు. దాని లోపలి తీగ వెంట్రుకంత, స్పీకరు కరెంటుకి వేడెక్కి షార్టయితే హెడ్ అవుట్‌పుట్ పోతుంది.

5వ రోజు: తీగలు కలపడం

గిటారు నుంచి ఇంటర్‌ఫేస్ (సిగ్నల్‌ని డిజిటల్‌గా మార్చి, మళ్ళీ శబ్దంగా తిప్పి ఇచ్చే ఆడియో పెట్టె) హై-ఇంపీడెన్స్ ఇన్‌పుట్‌కి. అక్కణ్ణుంచి యూఎస్‌బీ ద్వారా ఐప్యాడ్‌కి. ఇంటర్‌ఫేస్ ఎడమ అవుట్‌పుట్ హెడ్ వెనకనున్న ఎఫెక్ట్స్ రిటర్న్‌ (బయటి ఎఫెక్ట్స్ నుంచి సిగ్నల్ తిరిగొచ్చే జాక్) లోకి. కుడి అవుట్‌పుట్ డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే పెట్టె) ద్వారా సౌండ్ ఆపరేటర్ మిక్సర్‌కి.

రిటర్న్‌నే ఎందుకంటే, హెడ్ ముందు జాక్‌లో పెడితే ఐప్యాడ్‌లోని ప్రీయాంప్ (టోన్ మలిచే మొదటి దశ) మోడల్ మీద హెడ్ సొంత ప్రీయాంప్ మళ్ళీ రంగేస్తుంది. రిటర్న్‌లో జాక్ దూర్చగానే హెడ్ ప్రీయాంప్ దారిలోంచి తప్పుకుంటుంది. మన షరతు కూడా ఇక్కడే తీరుతుంది: ట్యాబ్లెట్ పోతే రిటర్న్ జాక్ లాగి, గిటారు తాడు ముందు జాక్‌లో పెట్టడమే. ప్రీయాంప్ మళ్ళీ దారిలోకి వస్తుంది. దాని గెయిన్, ఈక్యూ (కింది, పై స్వరాల హెచ్చుతగ్గులు) ముందే సరిచేసి టేపు అంటించాం. చేసి చూస్తే ఏడు సెకన్లు.

ఒక ప్రమాదం. కొన్ని హెడ్‌లలో మాస్టర్ వాల్యూం రిటర్న్‌కి తర్వాత ఉంటుంది, కొన్నింట్లో ముందు. ముందుంటే రిటర్న్‌లోకొచ్చే సిగ్నల్‌కి మాస్టర్ అడ్డుపడదు, పూర్తి శక్తి స్పీకరు మీద పడుతుంది. మొదటిసారి ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ సున్నా దగ్గర పెట్టి, మెల్లగా పెంచుతూ, మాస్టర్ తిప్పితే శబ్దం మారుతోందో లేదో చూసుకోవాలి.

ఇంకోటి. హెడ్‌ఫోన్ జాక్ నుంచి సిగ్నల్ తీయాల్సి వస్తే మామూలు మోనో గిటారు తాడు పెట్టకూడదు. అది కుడి చానెల్‌ని గ్రౌండ్‌కి కలిపేస్తుంది. స్టీరియో జాక్ నుంచి రెండు మోనో జాక్‌లుగా చీలే తాడు వాడి ఎడమది మాత్రం తీసుకోవాలి.

ఎడమ, కుడి రెండింటికీ వెళ్ళేది ఒకే టోన్ కాదు. స్టేజీ మీద నిజమైన క్యాబ్ ఉంది కాబట్టి ఎడమ దారిలో క్యాబ్ మోడల్ తీసేయాలి. పెడితే క్యాబ్ మీద క్యాబ్ అయి, మధ్యస్వరాలు ఉబ్బి పైస్వరాలు చచ్చిపోతాయి. మిక్సర్‌కి వెళ్ళే కుడి దారిలో మాత్రం క్యాబ్ మోడల్ ఉండి తీరాలి, లేకపోతే పీఏ ట్వీటర్లలో ఓవర్‌డ్రైవ్ తేనెటీగల తుట్టెలా గీపెడుతుంది. ఏయూఎం లాంటి హోస్ట్ యాప్‌లో ఒక ఇన్‌పుట్‌ని రెండు చానెళ్ళకి పంపి, ఒక్కోదానికి ఒక్కో అవుట్‌పుట్ ఇస్తే ఈ పని అయిపోతుంది.

6, 7 రోజులు: ‘ఏ’ తీగ మాయం

ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్నది ఇదే, ట్యాబ్లెట్ రిగ్‌లు పలచగా ఉంటాయని పేరు రావడానికి ముఖ్య కారణమూ ఇదేనని మా గట్టి నమ్మకం.

లక్షణం: ‘ఈ’ తీగ నిండుగా మోగుతోంది, ‘డీ’ తీగ బాగుంది, ఖాళీ ‘ఏ’ తీగ మాత్రం డొల్ల. గిటారు మార్చినా అంతే, స్పీకరు చోటు మార్చినా అంతే. కారణం ఇంటర్‌ఫేస్ మీద ఉన్న డైరెక్ట్ మానిటర్ స్విచ్. అది ఆన్‌లో ఉంటే గిటారు శబ్దం ఐప్యాడ్‌కి వెళ్ళకుండానే నేరుగా అవుట్‌పుట్‌కి వచ్చి, ఐప్యాడ్ తిప్పి పంపిన ఆలస్యపు శబ్దంతో కలుస్తుంది.

ఆలస్యం ఎంతో కొలిచాం. గిటారు సిగ్నల్‌ని రెండుగా చీల్చి, ఒకటి నేరుగా, ఒకటి ఐప్యాడ్ గుండా, వేరే కంప్యూటర్‌లో రెండు ట్రాకులుగా రికార్డు చేసి, శిఖరాల మధ్య శాంపిళ్ళు లెక్కపెట్టాం. శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్, బఫర్ (ఐప్యాడ్ ఒక్కో విడతలో పోగుచేసుకునే శాంపిళ్ళు) 128 దగ్గర తేడా 430 శాంపిళ్ళు, అంటే 8.96 మిల్లీసెకన్లు. లోపలికో బఫర్, బయటికో బఫర్ కలిపి 5.3, మిగతాది కన్వర్టర్లు, యూఎస్‌బీ తినే కాలం. బఫర్ 64కి తగ్గిస్తే 302 శాంపిళ్ళు, 6.3 మిల్లీసెకన్లు. 256 దగ్గర 14.3.

వాయించడానికి 9 మిల్లీసెకన్లు ఇబ్బంది కాదు. శబ్దం మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు పోతుంది, అంటే క్యాబ్‌కి మూడు మీటర్ల దూరాన నిలబడి వాయించినట్టు. అందరూ అలా నిలబడే వాయిస్తారు. చిక్కంతా అసలు శబ్దం, ఆలస్యపు శబ్దం కలిసినప్పుడే. అర తరంగం ఆలస్యానికి సరిగ్గా సరిపోయే ఫ్రీక్వెన్సీలో రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 8.96 మిల్లీసెకన్లకి ఆ గుంత 56 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఖాళీ ‘ఏ’ తీగ 55 హెర్ట్జ్. రెండో గుంత 167 దగ్గర, అదే తీగ మూడో హార్మోనిక్ 165. ఒక్క తీగకే రెండు దెబ్బలు.

బఫర్ 64 చేస్తే గుంత పోదు, 80 హెర్ట్జ్ దగ్గరికి జరిగి ‘డీ’ తీగ మొదటి మెట్లని పట్టుకుంటుంది. అందుకే ఈక్యూతో దీన్ని బాగుచేయడం కుదరదు. లేని శబ్దాన్ని ఎంత పెంచినా రాదు.

చేసింది: డైరెక్ట్ మానిటర్ ఆఫ్, స్విచ్ మీద టేపు. హెడ్ ఎఫెక్ట్స్ లూప్‌లో మిక్స్ నాబ్ ఉన్న రకమైతే 100 శాతం ఎఫెక్ట్ వైపు. గిటారుని చీల్చి ఒక కొన ముందు జాక్‌లో, ఐప్యాడ్‌ని ఆక్స్ ఇన్‌లో పెట్టే పద్ధతి కూడా ఇదే గుంతలోకి తీసుకుపోతుంది, దాన్నీ వదిలేశాం. శుభ్రమైన శబ్దం, ఓవర్‌డ్రైవ్ కలపాలంటే యాప్ లోపలే బ్లెండ్ చేయాలి, అక్కడ రెండింటి ఆలస్యమూ ఒకటే. ఏదైనా ప్లగిన్ సొంతంగా ఆలస్యం చేరుస్తోందేమో అని ఖాళీ తీగలు నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి మీటి విన్నాం. అన్నీ ఒకే నిండుదనంతో ఉంటే సరే.

9వ రోజు: ఎఫెక్ట్స్ వరస

ఇన్‌పుట్ గెయిన్: గట్టిగా స్లాప్ చేసినప్పుడు శిఖరం మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు, మామూలు వాయింపు మైనస్ 12 దగ్గర. సున్నా తాకితే డిజిటల్ క్లిప్పింగ్, అది వాల్వ్ కరకులా తియ్యగా ఉండదు. 9 వోల్టుల యాక్టివ్ గిటారు పెడితే గెయిన్ తప్పకుండా దించాలి.

వరస: ట్యూనర్, ఆక్టేవ్, కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్ బ్లెండ్, యాంప్ మోడల్, ఈక్యూ, హై-పాస్, లిమిటర్. ఆక్టేవ్‌ని కంప్రెసర్ ముందు పెట్టింది కావాలనే, మీటు స్పష్టంగా ఉంటే అది నోటుని బాగా పట్టుకుంటుంది. కంప్రెసర్ 4:1, అటాక్ 25 మిల్లీసెకన్లు, రిలీజ్ 120, మీటరు 4 నుంచి 6 డెసిబెల్స్ కదిలేంత. అటాక్ 5కి తగ్గిస్తే వేలి దెబ్బ పోయి బేస్ వెనక్కి జారుకుంటుంది.

హై-పాస్ ఫిల్టర్ (మరీ కింది ఫ్రీక్వెన్సీలని కోసేసేది) గురించి ఎంత చెప్పినా తక్కువే. తేలికైన క్యాబ్ బతికేది దానివల్లే. అంతే శబ్దం ఒక ఆక్టేవ్ కిందికి ఇవ్వాలంటే స్పీకరు కోను నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి. పోర్టెడ్ క్యాబ్‌లో అయితే పోర్టు ట్యూనింగ్ కంటే కిందికి వెళ్ళగానే లోపలి గాలి పట్టు వదిలేస్తుంది, కోను గాల్లో ఈదుతుంది. అరచేతితో తీగలు ఆపినప్పుడు వచ్చే థంప్, ‘ఏ’ తీగ మీద ఆక్టేవ్ వేస్తే పుట్టే 27.5 హెర్ట్జ్, ఇవేవీ చెవికి అందవు, కానీ వాట్లన్నీ తింటాయి. 38 హెర్ట్జ్ దగ్గర, ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ వాలుతో కట్ పెట్టాం. పెట్టక ముందు గ్రిల్ గుండా చూస్తే కోను ఊగిసలాడుతోంది, పెట్టాక నిలబడింది, వాల్యూం ఇంకో రెండు గీతలు పెంచినా గరగర రాలేదు. ఫిల్టర్ వరసలో ఆక్టేవ్ తర్వాతే ఉండాలి.

11వ రోజు: చార్జర్ పెడితే గుయ్‌మనడం

బ్యాటరీ మీద నిశ్శబ్దం. చార్జర్ గుచ్చగానే సన్నని ఈల, కింద హమ్. రెండు పిన్నుల చార్జర్ లోపలి కెపాసిటర్ గుండా కొద్దిపాటి లీకేజీ కరెంటు యూఎస్‌బీ గ్రౌండ్‌లోకి వచ్చి, ఆడియో తాడు కవచం గుండా హెడ్ ఎర్త్‌కి పోతుంది. ఆ దారిలో ఉన్నదంతా వినిపిస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే పని హెడ్ పవర్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేయడం. హమ్ పోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. ఉక్కు తీగల మీద చేతులు, మైక్ జాలీకి పెదవులు తగులుతూ ఉండే మనిషికి, పందిట్లో జనరేటర్ కరెంటు మీద, ఎర్త్ ఒక్కటే రక్షణ. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తీయొద్దు.

సరైన మందులు రెండు. ఇంటర్‌ఫేస్‌కీ హెడ్‌కీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేటర్. దానితోపాటు మిక్సర్ వైపు డీఐ బాక్స్‌లో గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో తాడు గ్రౌండ్‌ని విడదీసే స్విచ్). లేదా గోడ కరెంటుతో సంబంధమే లేకుండా పవర్ బ్యాంకు. మేము పవర్ బ్యాంకు పెట్టాం. పదో తరం ఐప్యాడ్ బ్యాటరీ 28.6 వాట్-అవర్లు. ఐప్యాడ్‌కి 5 వాట్లు, ఇంటర్‌ఫేస్‌కి 2.5 వాట్లు వేసుకుంటే నాలుగు గంటల లోపు, అదీ బ్యాటరీ కొత్తదైతే. మూడు గంటల ప్రోగ్రాంకి పవర్ బ్యాంకు లేకపోతే గుండె దడే.

జాగ్రత్త: చార్జింగ్ గుండా పంపే యూఎస్‌బీ హబ్‌లలో పవర్ తీసినా, పెట్టినా ఒక క్షణం యూఎస్‌బీ తెగి మళ్ళీ కలుస్తుంది. ఆ క్షణంలో యాప్ ఇంటర్‌ఫేస్‌ని వదిలేసి ఐప్యాడ్ సొంత స్పీకరుకి మారుతుంది. పాట నడుస్తుండగా ఆ తాడు ముట్టుకోకూడదు. పాత లైట్నింగ్ ఐప్యాడ్ అయితే పవర్ ఇన్‌పుట్ ఉన్న కెమెరా అడాప్టర్ కావాలి, లేకపోతే ఇంటర్‌ఫేస్ ఎక్కువ కరెంటు అడుగుతోందని తిరస్కరిస్తుంది.

13వ రోజు: ఎండ

ఆపిల్ చెప్పే వాడకపు ఉష్ణోగ్రత 35 డిగ్రీల దాకా. మే నెలలో విజయవాడలో సాయంత్రం ఆరింటికి షామియానా కింద కూడా అది తరచూ దాటుతుంది. వేడెక్కితే ముందు స్క్రీన్ మసకబారుతుంది, తర్వాత ప్రాసెసర్ నెమ్మదించి చిటపటలు మొదలవుతాయి, చివరికి హెచ్చరిక పలకతో ఆగిపోతుంది. రబ్బరు కేసు తీసేసి, వెనక గాలాడే స్టాండు క్లాంపు పెట్టాం, బ్రైట్‌నెస్ 40 శాతం. వాడని యాంప్ మోడళ్ళు బైపాస్ చేస్తే చాలదు, కొన్ని యాప్‌లలో అవి ప్రాసెసర్ తింటూనే ఉంటాయి, తీసేయాలి. బఫర్ 64 మీద చిటపటలొచ్చాయి, 128 మీద ఖాయం చేశాం.

ఎయిర్‌ప్లేన్ మోడ్, ఆటో-లాక్ నెవర్, గైడెడ్ యాక్సెస్ (పొరపాటున వేరే యాప్‌కి మారకుండా కట్టేసేది) ఆన్. నోటిఫికేషన్ టింగ్‌మంటే అది పీఏలోనే మోగుతుంది. ప్రోగ్రాం ముందు వారంలో ఐప్యాడ్ఓఎస్ అప్‌డేట్ వద్దు. బ్లూటూత్ ఫుట్‌స్విచ్ ప్రీసెట్లు మార్చడానికి చాలు, ఆడియోకి మాత్రం బ్లూటూత్ పనికిరాదు.

15వ రోజు: హాల్లో చోటు

వెనక గోడకి మీటరు దూరంలో క్యాబ్ పెడితే, గోడ తాకి తిరిగొచ్చే శబ్దం 86 హెర్ట్జ్ దగ్గర గుంత చేస్తుంది. ‘ఈ’ తీగలో బలమైన హార్మోనిక్ పక్కనే అది. గోడకి 30 సెంటీమీటర్ల దగ్గరికి జరిపితే గుంత 286కి పోయింది, అక్కడ పెద్దగా బాధించదు. డొల్ల చెక్క స్టేజీ అయితే క్యాబ్ కింద గట్టి ఫోమ్ ముక్క. క్యాబ్‌ని వెనక్కి వాల్చి చెవి వైపు తిప్పితే వాయించేవాళ్ళు వాల్యూం తక్కువే పెడతారు, సౌండ్ ఆపరేటర్‌కీ సుఖం.

బరువు తూకం

క్యాబ్ 10.8, హెడ్ 1.2, ఐప్యాడ్, స్టాండు క్లాంపు కలిపి 0.8, ఇంటర్‌ఫేస్, హబ్ 0.45, పవర్ బ్యాంకు 0.35, డీఐ, తాళ్ళు 1.3. మొత్తం 14.9 కిలోలు. గీతకి వంద గ్రాములు ఇవతల.

మిగిలిన పని: అయిదు తీగల గిటారుతో పరీక్ష. కింది ‘బీ’ 31 హెర్ట్జ్, హై-పాస్ 38 దగ్గరే ఉంచితే ఆ తీగ ఎంత సన్నబడుతుందో, 32కి దించితే కోను ఎంత ఊగుతుందో గ్రిల్ తీసి చూడాలి. రెండో యూఎస్‌బీ తాడు ఒకటి కొని సంచిలో వేయాలి, దానికి ఆ వంద గ్రాములూ సరిపోతాయి.